బొగ్గుట్టలో నేర్చుకున్న పాఠం

గడచిన వేసవిలో ఒక వృద్ధురాలిని చూచి రావాలని ఇల్లందుకు ప్రయాణమయ్యాను. దాదాపు ఇరవై ఏళ్ళుగా నా మనస్సును బరువుచేసిన ఒక మాట ఆమెతో చెప్పుకోవలసి ఉంది. ఎన్నోసార్లు బయలుదేరాలనుకొని ఏదో ఒక సాకుతో మానుకున్నాను. ఈసారి మాత్రం వెళ్ళాను.

దారిలో డోర్నకల్‌లో ఆగాను. స్టేషనులో దిగినవారెవరైనా అక్కడి ఎపిఫనీ దేవాలయాన్ని చూడకుండా పోలేరు. పైన గుమ్మటాలు మసీదును, లోపలి రాతి స్తంభాలు దక్షిణాది ఆలయాలను గుర్తుకు తెస్తాయి. ఇది మన నేల మీద పుట్టిన సంఘం అని ఆ కట్టడమే చెబుతుంది. 1939 జనవరి 6న దీని ప్రతిష్ఠ జరిగింది. కట్టించినవారు బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు.

ఆయన మన తెలుగువారు కారు. 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టారు. వై.ఎం.సి.ఎ.లో మంచి పేరున్న ఉద్యోగంలో ఉండేవారు. దాన్ని వదులుకొని 1909లో డోర్నకల్‌కు మిషనరీగా వచ్చారు. ముప్పై అయిదేళ్ళ వయస్సులో, తనది కాని భాషలో, పల్లెల్లోని పేదల మధ్య సేవ మొదలుపెట్టారు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో లేచి, మీరు మాకు ధనమిచ్చారు, ప్రాణమిచ్చారు, కాని మమ్మల్ని స్నేహితులుగా మాత్రం చూడడం లేదని తెల్లవారి ముఖం మీదే చెప్పారు. సభలో చాలామందికి ఆ మాట రుచించలేదు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనను బిషప్పుగా అభిషేకించే ముందు కూడా, భారతీయుడికి ఆ పదవి ఏమిటని అభ్యంతరం చెప్పినవారు ఉన్నారు.

ఆ సంగతులన్నిటికంటే నన్ను ఎక్కువగా తాకినది మరొకటి. 1932లో బ్రిటిష్ ప్రభుత్వం మతాలవారీగా ప్రత్యేక నియోజకవర్గాలు ప్రకటించినప్పుడు క్రైస్తవులకు కూడా వేరే ఓట్లు, వేరే స్థానాలు ఇచ్చింది. మన వాటా మనకు దక్కిందని సంతోషించిన క్రైస్తవులు తక్కువేమీ కాదు. అజరయ్యగారు మాత్రం వద్దన్నారు. అలా చేస్తే సంఘం తన స్వభావాన్ని పోగొట్టుకొని, రాజకీయాల్లో వాటా కోసం నిలబడే ఒక వర్గంగా మిగిలిపోతుందని ఆయన భయం. అదే సమయంలో, సువార్త ప్రకటించడం, బాప్తిస్మమివ్వడం మానలేదని జాతీయవాదులు కూడా ఆయనను విమర్శించారు. ఇటు మనవారి మెప్పు లేదు, అటు బయటివారి మెప్పు లేదు. అయినా డోర్నకల్ విడిచిపెట్టి వెళ్ళలేదు. సంఘాల ఐక్యత కోసం 1919 నుండి పాటుపడిన ఆయన 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించారు. ఆయన కోరుకున్న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది 1947లో.

దేవాలయంలో కొంతసేపు మోకరించాను. ఓట్లు, సంఘం అన్న ఆ రెండు మాటలు తలచుకోగానే నా సంగతి నాకు గుర్తుకొచ్చింది.

డోర్నకల్ నుండి కారేపల్లి మీదుగా వెళ్ళాను. కారేపల్లి పక్కనే సింగరేణి అనే ఊరు ఉంది. మన రాష్ట్రమంతా వినిపించే ఆ పెద్ద పేరు ఈ చిన్న ఊరిదే. అక్కడినుండి ఎర్రమట్టి చేలు, మొక్కజొన్న, పత్తి, మధ్య మధ్య లంబాడీ తండాలు, కోయ గూడేలు. ఇంకొంచెం ముందుకు పోతే ఇప్పచెట్లు, తునికిచెట్లు కనబడతాయి. భద్రాచలం అడవి గాలి అక్కడే మొదలవుతుంది.

ఇల్లందును పాతవారు నేటికీ బొగ్గుట్ట అనే పిలుస్తారు. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ కింగ్ అనే ఆయన ఈ చుట్టుపక్కలే బొగ్గు ఉన్నదని కనుగొన్నారు. 1889లో ఇక్కడ తవ్వకం మొదలైంది. సింగరేణి కాలరీస్ అన్న పేరుతో కంపెనీ ఏర్పడింది 1920లో. అంటే గోదావరి లోయలోని బొగ్గు గనులన్నిటికీ ఇల్లందే తల్లి ఊరు. ఒకప్పుడు మనుషులు భూమిలోపలికి దిగి బొగ్గు తీసేవారు. ఇప్పుడు పెద్ద యంత్రాలతో పైనుండే తవ్వుతున్నారు. తీసి పోసిన మట్టి కొత్త గుట్టలై ఊరి అంచున నిలిచింది. 2016 వరకు ఖమ్మం జిల్లాలో ఉన్న ఈ ఊరు ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది.

ఈ ఊరి ఎన్నికల సంగతి కూడా ఒక మాట చెప్పాలి. 1983లో రాష్ట్రమంతా ఒకే గాలి వీస్తున్నప్పుడు ఇల్లందు ప్రజలు గుమ్మడి నర్సయ్యగారిని గెలిపించారు. ఆయన ఐదుసార్లు శాసనసభ్యులయ్యారు, మధ్యలో ఓడిపోయారు కూడా. ఆయన పార్టీ సిద్ధాంతం మన విశ్వాసం ఒకటి కాదు. ఆ దారిని నేను సమర్థించడం లేదు. కాని పదవిలో ఉన్నా, లేకున్నా అదే సైకిలు, అదే ఆర్టీసీ బస్సు అని అందరూ చెప్పుకుంటారు. బొగ్గుట్ట బస్టాండులో కూర్చొని ఆ మాట తలచుకున్నప్పుడు, దేవుని సేవకుడినైన నేను సిగ్గుపడ్డాను. ఎందుకో చెబుతాను.

థియాలజీ డిప్లొమా పూర్తిచేసి వచ్చిన కొత్తలో నన్ను ఇల్లందుకు దగ్గరలోని ఒక చిన్న సంఘానికి పంపారు. ప్రార్థనా మందిరం పైకప్పు పాత పెంకులది. వానొస్తే చాపలు చుట్టుకొని గోడవారగా నిలబడి పాడేవాళ్ళం. ఆ సంవత్సరం పంచాయతీ ఎన్నికలొచ్చాయి. ఒక అభ్యర్థి మా పెద్దలను పిలిపించి, మందిరానికి రేకులు వేయిస్తాను, మైకుసెట్టు ఇస్తాను, సంఘం ఓట్లన్నీ నాకే అని మాట ఇవ్వండి అన్నాడు. పెద్దలందరికీ నచ్చింది. దేవుని ఇంటికే గదా, మన జేబుల్లోకి కాదు గదా అన్నారు. ఆదివారం ఆరాధన తరువాత సంఘంలో అడిగితే అందరూ చేతులెత్తారు. ఒక్కరు మాత్రం ఎత్తలేదు.

ఆమె గనిలో సర్దారుగా పనిచేసి చనిపోయిన ఒకాయన భార్య. ప్రతి ఆదివారం పిడికెడు బియ్యం తెచ్చి కానుకగా పోసే మనిషి. చదువు లేదు. లేచి నిలబడి, "అయ్యగారూ, ఆ రేకులు మనకొద్దు" అన్నది. ఎందుకమ్మా అని అడిగాను. "మా ఆయన బాయిల కర్రతోని కప్పు కొట్టి చూసెటోడు. గట్టి సప్పుడొస్తేనే మందిని లోపలికి పోనిచ్చెటోడు. బోలు సప్పుడొస్తే ఎవరెంత తిట్టినా పోనియ్యలే. ఈ మాట నాకు బోలు సప్పుడొస్తున్నది" అన్నది.

అందరూ నవ్వారు. ముసలామెకేం తెలుసు అన్నారు. నాకు ఆమె మాట లోలోపల తగిలింది. కాని పెద్దల ముఖాలు చూశాను, పైన కారే పెంకులు చూశాను. కొత్త పాస్టరుగారు మాట వినడనే పేరు రాకూడదనుకున్నాను. అందరి అభీష్టమే దేవుని చిత్తం అని చెప్పి, ప్రార్థన చేసి ముగించాను.

రేకులు వచ్చాయి. అయితే మా సంఘంలోనే ఆ అభ్యర్థికి పోటీ నిలబడినవాని బంధువులు ఎనిమిది కుటుంబాలవారున్నారు. ఆ ఆదివారం భయపడి వారు కూడా చేతులెత్తారు. ఎన్నికలయ్యాక ఊళ్ళో మాటా మాటా పెరిగింది. ఆ ఎనిమిది కుటుంబాలు మందిరానికి రావడం మానేశాయి. మరుసటి వానాకాలం ఒక్క చుక్క కూడా లోపల పడలేదు. కాని తూర్పు గోడవైపు చాపలు ఖాళీగా ఉన్నాయి.

నిర్గమకాండము 32వ అధ్యాయంలో అహరోనును చదివినప్పుడల్లా నాకు నేనే కనబడతాను. జనులు అడిగారు, ఆయన చేశాడు. తరువాత మోషే నిలదీస్తే, బంగారం అగ్నిలో వేశాను, ఈ దూడ బయటికి వచ్చింది అన్నాడు. నేను కూడా పై అధికారులకు అలాంటి జవాబే చెప్పాను. సంఘం తీర్మానించింది, జరిగింది అన్నాను.

ఆ తల్లి సంగతి చెప్పాలి. తన మాట నెగ్గలేదని ఆమె సంఘాన్ని విడువలేదు. మరుసటి ఆదివారం అదే పిడికెడు బియ్యంతో వచ్చి అదే చోట కూర్చుంది. మానేసిన ఇళ్ళకు సాయంకాలాలు వెళ్ళి మాట్లాడి వచ్చేది. నేను చెప్పలేదా అన్న మాట ఆమె నోట ఒక్కసారి కూడా వినలేదు. యెహోషువ, కాలేబు కూడా అంతే గదా! సంఖ్యాకాండము 14లో వారిని రాళ్ళతో కొట్టాలని చూసింది వారి సొంత జనమే. అయినా ఆ జనంతోనే ఆ ఇద్దరూ అరణ్యంలో ఆ సంవత్సరాలన్నీ నడిచారు.

ఇప్పుడామె ఇల్లందులో కూతురింట్లో ఉంటున్నది. చూపు తగ్గింది. గొంతు విని గుర్తుపట్టింది. పక్కన కూర్చొని, "అమ్మా, ఆ రోజు మీరు చెప్పిందే నిజం. నాకు తెలిసి కూడా మందికి భయపడ్డాను. నన్ను క్షమించండి" అన్నాను.

"ఇప్పుడెందుకయ్యగారూ అవన్నీ. అన్నం తిన్నరా?" అన్నది. కూతురు పళ్ళెం పెట్టింది. నేను తింటుండగా ఆమె, "తూర్పు దిక్కు కూసునేటోళ్ళు మళ్ళొచ్చిన్రా?" అని అడిగింది. నాలుగు కుటుంబాలు వచ్చాయనీ, మిగతావారు రాలేదనీ చెప్పాను. ఆమె మళ్ళీ ఏమీ అడగలేదు. చాలాసేపు నా చేయి పట్టుకొని ఉండిపోయింది.

ప్రియులారా! కీడు చేయడానికి సమూహం వెంట పోవద్దని నిర్గమకాండము 23:2 మనల్ని హెచ్చరిస్తున్నది. కాని అందరికీ ఎదురు చెప్పినంత మాత్రాన మన మాట సత్యమైపోదు. మొండితనానికీ, నమ్మకంతో నిలబడడానికీ తేడా ఎలా తెలుసుకోవాలి? ఆ తల్లిని చూచి నేను నేర్చుకున్నవి మూడు. మొదటిది, ఆమె నిలబడింది తన లాభం కోసం కాదు. కారే కప్పు కింద ఆమె కూడా తడిసింది. రెండవది, చెప్పవలసింది ఒక్కసారి, అందరి ముందు, స్పష్టంగా చెప్పింది. వెనుక గుసగుసలాడలేదు. మూడవది, ఓడిపోయిన తరువాత కూడా ఓడించినవారిని ప్రేమించింది.

గనిలో ఫిల్లర్లకు నింపిన టబ్బుల లెక్కన కూలి వచ్చే రోజుల్లో, ఆగమన్న సర్దారు మీద వారికి కోపం రావడం సహజమే. ఆ పూట కూలి పోతుంది. కాని సర్దారు కర్రతో తట్టింది వాళ్ళ ప్రాణం కోసమే. మీ ఊళ్ళో కట్నం మాట వచ్చినప్పుడు, పంతాలు పట్టి ఒక ఇంటిని వెలివేద్దామన్నప్పుడు, ఓటుకు నోటు ఇచ్చినప్పుడు, అందరూ సరే అంటున్నారని తలూపకండి. ఒక్కసారి కప్పు తట్టి చూడండి. బోలు చప్పుడు వస్తే చెప్పండి. మీ సంఘంలో ఎవరైనా అలా చెబితే నవ్వకండి. ముఖ్యంగా నాతోటి సేవకులారా, వారి మాట పూర్తిగా వినండి.

తిరుగు బస్సు ఎక్కేటప్పటికి పొద్దు వాలింది. బొగ్గుట్ట మట్టి గుట్టల వెనుక ఆకాశం ఎర్రబడింది. దారంతా ఇంకా రాని ఆ నాలుగు కుటుంబాల పేర్లు ఒక్కొక్కటిగా తలచుకొని ప్రార్థించాను. ఈసారి వాళ్ళ ఇళ్ళకు నేనే వెళ్ళాలి.

దేవుడు మనకందరికీ అట్టి ధైర్యమును, అట్టి ప్రేమను అనుగ్రహించును గాక. ఆమేన్.