కెరీర్ బెస్ట్ ర్యాంకు



మన పాలమూరు పల్లెల్లోకి 'ర్యాంకు' అనే మాట పరీక్షలతోపాటే వచ్చింది. గద్వాలకు పోయినా, వనపర్తికి పోయినా, నాగర్‌కర్నూల్‌కు పోయినా ఎండాకాలం వచ్చిందంటే చాలు, కాలేజీల ఫ్లెక్సీలు కనబడతాయి. వరుసగా పిల్లల ఫొటోలు, ఒక్కో ఫొటో కింద ఒక్కో అంకె. ఆ అంకె చిన్నదైతే ఊరంతా పండుగ. పెద్దదైతే ఇంట్లో ఎవరూ మాట్లాడరు. ఒక్క రోజు, మూడు గంటలు రాసిన పరీక్షకు వచ్చిన అంకె మనిషిని జీవితాంతం వెంటాడుతుంది.

కానీ ర్యాంకుకు ఇంకో అర్థం కూడా ఉంది. నాకు దాన్ని నేర్పింది టెన్నిస్. నేను ఈ రోజుకు కూడా టెన్నిస్ రాకెట్ చేత పట్టలేదు. కోర్టును గేటు బయటి నుంచి చూసినవాడినే. అయినా ఆ ఆటలో ర్యాంకులు లెక్కపెట్టే పద్ధతి మన హాస్టల్ పిల్లలందరికీ తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను తొమ్మిదో తరగతి చదువుతున్నప్పుడు, అంటే 2007లో, హాస్టల్‌కు ఒకే ఒక తెలుగు పేపరు వచ్చేది. ముందు వార్డెన్ సారు, తర్వాత ట్యూటరు, ఆ తర్వాత వంటమనిషి చదివాక మా చేతికి వచ్చేది. మాకు కావలసింది ఆటల పేజీ. ఆ ఆగస్టు చివరి వారం పేపరు నిండా హైదరాబాద్ పేలుళ్ళ వార్తలే. గోకుల్ చాట్, లుంబినీ పార్కుల ఫొటోలు చూసి మాకు అన్నం సయించలేదు. అదే వారం ఆటల పేజీలో ఒక చిన్న వార్త వచ్చింది. హైదరాబాద్ అమ్మాయి సానియా మీర్జా సింగిల్స్‌లో 27వ స్థానానికి చేరిందని, అది ఆమె 'కెరీర్ బెస్ట్ ర్యాంకు' అని.

నా పక్క ట్రంకు పెట్టె మిత్రుడు అది చదివి నవ్వాడు. "ఇర్వై ఏడో ర్యాంకు గొప్పెట్లయితదిరా? మన క్లాసుల ఇర్వై ఏడో ర్యాంకోడు ఆఖరి బెంచీల కూసుంటడు" అన్నాడు. వాడు అనవచ్చు. ఎనిమిదో తరగతి వార్షిక పరీక్షల్లో 44 మందిలో వాడిది రెండో ర్యాంకు.

మరునాడు లెక్కల సారును అడిగాం. ఆయన నవ్వకుండా బోర్డు మీద రాసి చెప్పారు. టెన్నిస్‌లో ప్రపంచం మొత్తం ఒకే తరగతి. అందులో 27వది అంటే ఆమెకంటే ముందున్నవాళ్ళు భూమ్మీద 26 మందే. రెండో సంగతి, ఈ ర్యాంకు ఒక్క పరీక్షతో వచ్చేది కాదు. గడిచిన 52 వారాల్లో ఆడిన టోర్నమెంట్లలో బాగా ఆడినవాటి పాయింట్లు కలిపి లెక్క కడతారు. సంవత్సరం నిండగానే పాత పాయింట్లు రాలిపోతాయి. నిరుడు ఇదే టోర్నమెంటులో సెమీఫైనల్ దాకా పోయిన మనిషి, ఈసారి మొదటి రౌండులోనే ఓడితే కిందికి జారుతుంది. ఏ అంకే శాశ్వతం కాదు. కానీ జీవితంలో ఒకసారి చేరిన అత్యుత్తమ స్థానం మాత్రం ఆ మనిషి పేరు పక్కన ఎప్పటికీ ఉంటుంది. దాన్ని ఎవరూ కొట్టేయలేరు. కెరీర్ బెస్ట్ అంటే అదే.

మగవాళ్ళకు కంప్యూటరు లెక్కతో ఈ ర్యాంకులు 1973 ఆగస్టులో మొదలైనాయి. ఆడవాళ్ళకు 1975 నవంబరులో. అంతకుముందు ఎవరు గొప్ప అన్నది పెద్దమనుషులు, పత్రికలవాళ్ళు కూర్చుని తేల్చేవారు. కంప్యూటరుకు నీ ఇంటిపేరు తెలియదు, నీ కులం తెలియదు, మీ నాయన ఏం పని చేస్తాడో తెలియదు. నువ్వు గెలిచిన ఆటలే తెలుసు. ఆ రోజు ఈ మాట మా అందరికీ నచ్చింది.

సారు అక్కడితో ఆగలేదు. తన మార్కుల రిజిస్టర్లో ప్రతి పేరు ముందు రెండు గీతలు గీశారు. ఒకదాని పైన 'ఇప్పటి స్థానం', రెండోదాని పైన 'అత్యుత్తమ స్థానం' అని రాశారు. నా మిత్రుని పేరు ముందు రెండు చోట్లా 2 అని పడింది.

ఆ సెప్టెంబరులో వినాయక చవితికి ఊరికి పోయిన మిత్రుడు తిరిగి రాలేదు. వాడిది మల్దకల్ వైపు పల్లె. గద్వాల ప్రాంతం వాళ్ళకు నేను వివరించనక్కరలేదు. వనపర్తి, నాగర్‌కర్నూల్ పిల్లల కోసం చెబుతున్నాను. అక్కడ సీడు పత్తి పండిస్తారు. ప్రతి మొగ్గను సాయంత్రం చేత్తో గిల్లి సిద్ధం చేయాలి. తెల్లవారి మగ పువ్వు తెచ్చి దానికి పుప్పొడి అద్దాలి. దాన్ని 'క్రాసింగ్' అంటారు. వేల మొగ్గలు, రోజూ అదే పని. చిన్న వేళ్ళకు ఆ పని బాగా వస్తుందని పిల్లల్ని పెట్టేవారు. వాళ్ళ నాయన ముందే అడ్వాన్సు తీసుకున్నాడు. అది తీరేదాకా పిల్లవాడు చేనులోనే ఉండాలి. బడి మొదలైన రెండు మూడు నెలలకే ఈ పని వస్తుంది. క్వార్టర్లీ, హాఫ్ ఇయర్లీ రెండూ అందులోనే పోతాయి.

వాడు జనవరిలో, సంక్రాంతి పోయాక వచ్చాడు. వేళ్ళ కొసలు నల్లబడి ఉన్నాయి. బడి రిజిస్టర్లో పేరు కొట్టేసి ఉంది. బడిలో పేరు లేకపోతే హాస్టల్లో రేషన్ లేదు. అది ఎవరో పగబట్టి చేసింది కాదు. అప్పటి పద్ధతి అది. లెక్కల సారు తన రిజిస్టరు చంకన పెట్టుకుని హెడ్మాస్టరు గారి దగ్గరికి పోయారు. ఏం మాట్లాడారో మాకు తెలియదు. పేరు మళ్ళీ ఎక్కడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలు మేం నలుగురం మా పళ్ళేల్లోంచి తలా ఒక గరిటె తీసి వాడికి పెట్టాం. వార్డెన్ సారు చూసీ చూడనట్టు ఉన్నారు.

ఆ ఏడు వార్షిక పరీక్షల్లో వాడికి 31వ ర్యాంకు వచ్చింది. ఆ సాయంత్రం వాడు భోజనానికి రాలేదు. సారు హాస్టల్‌కు వచ్చి రిజిస్టరు విప్పి చూపించారు. ఇప్పటి స్థానం 31. అత్యుత్తమ స్థానం 2. "ఈ రెండోది నేను రాసింది కాదు, నువ్వు రాసింది. దీన్ని కొట్టేసే అధికారం నాకు లేదు" అన్నారు.

చాలా ఏళ్ళ తర్వాత నాకు ఇంకో సంగతి తెలిసింది. టెన్నిస్‌లో దెబ్బ తగిలి ఆరు నెలలో అంతకంటే ఎక్కువో ఆటకు దూరమైనవాళ్ళకు ఒక రక్షణ ఉంది. వాళ్ళు దరఖాస్తు పెట్టుకుంటే పాత ఆటను బట్టి ఒక ర్యాంకును కాపాడి పెడతారు. తిరిగి వచ్చాక కొన్ని టోర్నమెంట్లలో ఆ ర్యాంకుతోనే ప్రవేశం దొరుకుతుంది. గెలుపును ఎవరూ చేతిలో పెట్టరు. పాయింట్లు మళ్ళీ మొదటి నుంచి సంపాదించుకోవలసిందే. కానీ లోపలికి రావడానికి తలుపు మాత్రం మూసివేయరు. ఇది చదివినప్పుడు నాకు నల్లబడిన ఆ వేళ్ళ కొసలే గుర్తుకు వచ్చాయి.

అమెరికా క్రీడాకారిణి అమాండా అనిసిమోవా సంగతి చూడండి. 17 ఏళ్ళకే ఫ్రెంచ్ ఓపెన్ సెమీఫైనల్ ఆడింది. అదే 2019లో తండ్రి చనిపోయాడు. 2023లో మనసు బాగా లేదని ఆట ఆపేసి కొన్ని నెలలు ఇంట్లో ఉంది. 2024లో తిరిగి వచ్చేసరికి ర్యాంకు నాలుగు వందలు దాటిపోయింది. 2025 జూలైలో వింబుల్డన్ ఫైనల్ దాకా వచ్చి, లక్షల మంది చూస్తుండగా స్వియాటెక్ చేతిలో 6–0, 6–0తో ఓడింది. ఒక్క గేమ్ కూడా రాలేదు. అట్లాంటి ఓటమి తర్వాత ఎవరైనా రాకెట్ అటక మీద పడేస్తారు. ఆమె రెండు నెలలు తిరగకముందే యూఎస్ ఓపెన్‌లో అదే స్వియాటెక్‌ను ఓడించి మళ్ళీ ఫైనల్ ఆడింది. ఆ సెప్టెంబరులో 4వ స్థానానికి చేరింది. అప్పటికి ఆమె కెరీర్ బెస్ట్ అదే.

అమెరికా వాళ్ళకేం, డబ్బులుంటాయి, కోర్టులుంటాయి అని మీరు అనుకోవచ్చు. నిజమే, ఉంటాయి. కానీ ఫ్రాన్సిస్ టియాఫో కథ విన్నాక ఆ మాట పూర్తిగా అనలేం. అతని తల్లిదండ్రులు ఆఫ్రికాలోని సియెర్రా లియోన్ నుంచి వలస వచ్చినవారు. తండ్రి మేరీల్యాండ్ రాష్ట్రంలో ఒక టెన్నిస్ కేంద్రం కట్టేటప్పుడు కూలీగా పనిచేసి, తర్వాత అక్కడే కాపలా, మరమ్మతు పనుల్లో కుదిరాడు. తల్లి రాత్రిపూట నర్సు పని చేసేది. అందుకని కవల పిల్లలిద్దరూ వారంలో చాలా రాత్రులు తండ్రితోపాటు ఆ కేంద్రంలోని ఒక ఖాళీ గదిలోనే పడుకునేవారు. మన భాషలో చెప్పాలంటే అతనిది కూడా హాస్టల్ బతుకే. ఆ పిల్లవాడు 2023 జూన్‌లో ప్రపంచంలో 10వ స్థానానికి చేరాడు.

మన తెలుగు ఇంటి పిల్లవాడు కూడా ఒకరున్నారు. నిశేష్ బసవరెడ్డి తల్లిదండ్రులు నెల్లూరు నుంచి అమెరికా వెళ్ళినవారు. అతను 2005లో కాలిఫోర్నియాలో పుట్టాడు. 2024 మొదట్లో అతని ర్యాంకు నాలుగు వందలకు అవతల ఉంది. సంవత్సరాంతానికి నూట నలభై లోపలికి వచ్చాడు. 2025 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ మొదటి రౌండులోనే జొకోవిచ్ ఎదురయ్యాడు. 19 ఏళ్ళ పిల్లవాడు మొదటి సెట్ 6–4తో గెలిచాడు. తర్వాతి మూడు సెట్లు ఓడాడు. ఆ ఏడే తొలిసారి మొదటి వంద మందిలో చేరాడు. అట్లాంటి పెద్ద టోర్నమెంటులో మొదటి రౌండులో ఓడినా కొద్దో గొప్పో పాయింట్లుంటాయి. ఆడకుండా ఇంట్లో కూర్చున్నవాడికి సున్నా.

సానియా 27వ ర్యాంకు తర్వాత ఏమైందో కూడా చెప్పాలి. 2008లో మణికట్టుకు ఆపరేషన్ అయింది. తర్వాతి ఏళ్ళలో ర్యాంకు వందకు అవతలికి జారింది. సింగిల్స్‌లో 27 మళ్ళీ రాలేదు. ఆమె డబుల్స్ మీద దృష్టి పెట్టింది. 2015 ఏప్రిల్ 13న మార్టినా హింగిస్ జోడీగా ఆడుతూ డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. మొత్తం 91 వారాలు ఆ స్థానంలో ఉంది. ఒక దారి మూసుకుంటే పక్క దారి వెతుక్కోవడం ఓటమి కాదు.

నా మిత్రునికి కూడా రెండో ర్యాంకు మళ్ళీ రాలేదు. పదో తరగతి ఫస్టు క్లాసులో పాసయ్యాడు, మా బడిలో ఐదోవాడిగా. తర్వాత ఐటీఐ చదివాడు. ఇప్పుడు కరెంటు లైన్‌మన్. వానాకాలం రాత్రుళ్ళు స్తంభం ఎక్కి మన ఊళ్ళకు వెలుగు తెచ్చేవాళ్ళలో ఒకడు. కూతురు గురుకులంలో చదువుతోంది. ఆ అమ్మాయి వేళ్ళు పెన్ను తప్ప పత్తి మొగ్గను ఎరుగవు. నన్నడిగితే వాడి కెరీర్ బెస్ట్ ఇదే.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! మీ పక్కవాడి ర్యాంకుతో పోల్చుకుని కుమిలిపోకండి. మీ నిన్నటి స్థానంతో పోల్చుకోండి. 38 నుంచి 33కు వచ్చినవాడు కూడా ఆ రోజు కెరీర్ బెస్ట్ సాధించినవాడే. వాడికి చప్పట్లు కొట్టండి. పైన ఉన్నవారు కూడా ఒక మాట గుర్తుంచుకోండి. నిరుటి మార్కులు ఈ ఏటికి పనికిరావు.

ఇక పూర్వ విద్యార్థులకు, ఉపాధ్యాయులకు, వార్డెన్ గార్లకు ఒక మనవి. ఈ వార్షికోత్సవం రోజున మన హాస్టల్లో రెండు గీతల రిజిస్టరు ఒకటి మొదలుపెడదాం. దాని కర్చు నేను భరిస్తాను. వలస పోయిన ఇంటి పిల్లవాడో, చేను పనికి పోయిన పిల్లో పది రోజులు కనబడకపోతే, పేరు మీద గీత పెట్టే ముందు మనలో ఒకరం ఆ ఊరి బస్సెక్కుదాం. గద్వాల వైపు పిల్లలైతే నాకు ఫోన్ చేయండి, నేను పోతాను. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు పోయేవారు ఎవరో ఈ సభలోనే చేయెత్తి చెప్పండి. ఆరు నెలలైనా, ఏడాదైనా సరే, తిరిగి వచ్చే పిల్లకు ఒక పళ్ళెం, ఒక చాప, రిజిస్టర్లో ఒక వరుస ఖాళీగా ఉంచుదాం.



— ఒక పూర్వ విద్యార్థి, గద్వాల