చైనా వారి చందమామ పండుగ

2024 సెప్టెంబర్‌లో మా అమ్మాయి దగ్గరికి సింగపూర్ వెళ్ళినప్పుడు ఈ పండుగ చూశాను. చైనా వారి ఎనిమిదో నెల పౌర్ణమి అది. మనకు భాద్రపదంలోనో, ఆశ్వయుజంలోనో వస్తుంది. చైనాటౌన్ వీధుల నిండా రంగురంగుల లాంతర్లే!

ఆ రోజు తినేది మూన్‌కేక్. తామరగింజలు ఉడికించి, మెత్తగా రుబ్బి, చక్కెర, నూనె వేసి హల్వాలా దగ్గరపడేదాకా కలుపుతారు. పిండి రేకులో ఆ ముద్ద, దాని మధ్యలో ఉప్పులో ఊరిన బాతుగుడ్డు పచ్చసొన పెట్టి, అచ్చులో ఒత్తి కాలుస్తారు. కోస్తే అచ్చం చంద్రబింబమే. తీపిలో ఆ ఉప్పేమిటో మరి!

చాంగ్ ఎ అనే ఆవిడ అమృతం తాగి చంద్రలోకానికి ఎగిరిపోయిందట. భర్త పాపం, ఆమెకిష్టమైన పళ్ళూ మిఠాయిలూ పెరట్లో పెట్టి ఆకాశం కేసి చూస్తూ ఉండిపోయాడట. అక్కడ ఆమెకు తోడు మందు నూరే కుందేలు. మనం చూసే కుందేలే!

నిండు చంద్రుడంటే వాళ్ళకు ఇంటిల్లిపాదీ ఒకచోట ఉండటం. పక్కింటి పెద్దావిడ కేక్ కోసి, పరదేశంలో ఉన్న కొడుకు వాటా వేరే పళ్ళెంలో పెట్టింది. ఎవరూ దాన్ని ముట్టలేదు. నాకు మా పెద్దాడు కళ్ళముందు మెదిలాడు.

శాకాహారులు అడిగి కొనుక్కోవాలి, పాత పద్ధతిలో పందికొవ్వు వేస్తారు. గుడ్డు లేనివీ దొరుకుతాయి. చిన్న ముక్క చాలు, పక్కన చక్కెర వేయని టీ ఉండాలి.