పాలకుర్తిలో మూడు రంగులు

ఆగస్టు 15న మేము పాలకుర్తి చేరేసరికి బడిపిల్లల ఊరేగింపు ముగిసింది. నీటిరంగుల చిత్రలేఖనం మాకు వృత్తి కాదు, సెలవునాటి వ్యాపకం. ఇది పాల్కురికి సోమనాథుని ఊరు. పోతన బమ్మెర పొరుగునే ఉన్నది. మేము చూడవచ్చింది మాత్రం చాకలి ఐలమ్మ నేలను.

ఆమె కౌలుకు దున్నిన పొలంలోని పంటను విసునూరు దేశ్‌ముఖు కాజేయబోగా, సంఘం వారి తోడుతో ధాన్యాన్ని ఇల్లు చేర్చుకొన్నది. అంతకు మునుపే, 1940లో, కామారెడ్డిగూడెం వాసి షేక్ బందగీ తన భూమికై న్యాయస్థానంలో పోరాడి ఆ దొర మనుషుల చేతిలో హతుడయ్యాడు. 1947 ఆగస్టు 15న ఈ ఊళ్లు నిజాం ఏలుబడిలోనే ఉన్నాయి. ఇక్కడివారికి ఆ పండుగ ఇంకా పదమూడు నెలల దూరం.

మేము ప్రాణుల రూపాలు చిత్రించము. మరి ఐలమ్మను చూపడమెట్లా? ఆమె కోరింది భూమినే గదా! వరిమడిని, గట్టును, దూరాన జెండాను వేశాము. నీటిరంగులలో తెలుపు పూయరు, కాగితాన్నే వదలివేస్తారు. జెండా నడిమి పట్టీ అట్లే మిగిలింది. 24 ఆకుల చక్రానికి బదులు ఒక నీలిచుక్క. పొలం పచ్చదనానికి మాత్రం మూడు పూతలు పట్టాయి. కామారెడ్డిగూడెం దారి పట్టేసరికి అది ఇంకా తడిగానే ఉన్నది.