మే నెల మధ్యాహ్నం, 5 గిగాహెర్ట్జ్

ప్రాసెసర్‌ను కంపెనీ చెప్పిన వేగం కన్నా ఎక్కువ వేగంతో నడపడాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు. దాని మీద మన పిల్లలు చదివే సలహాల్లో చాలా భాగం చలి దేశాల నుంచి వచ్చినవే. నేనుండే ఎస్పో అలాంటి ఊరే. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీని ఆనుకుని ఉంటుంది. కంప్యూటర్ల సత్తా కొలవడానికి ప్రపంచమంతా వాడే త్రీడీమార్క్‌ను తయారుచేసిన ఫ్యూచర్‌మార్క్ ఇక్కడి కంపెనీగానే ఉండేది. బయట మంచు పడుతున్నా మా ఇళ్లలో 21 డిగ్రీలు ఉంటుంది. కంప్యూటర్ నుంచి వేడి వస్తే సంతోషమే తప్ప బాధ లేదు. ఇలాంటి గదిలో కూర్చుని ఎవరైనా ‘నా చిప్ 5 గిగాహెర్ట్జ్ దగ్గర స్టేబుల్’ అని రాస్తే అందులో అబద్ధం లేదు. గది ఎంత చల్లగా ఉందో మాత్రం రాయరు. రాయాలని తోచదు కూడా.

ఆ మాట పట్టుకుని జంగారెడ్డిగూడెంలో మా అక్క కొడుకు తన కంప్యూటర్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు ఎక్కించాడు.

జంగారెడ్డిగూడెం గోదావరి జిల్లాల ఊరే అయినా కాలవల కింద వరిచేల ఊరు కాదు. ఎర్రనేల మెట్ట. పొగాకు, ఆయిల్ పామ్, మామిడి, జీడిమామిడి. పంట చాలావరకు బోర్ల మీదే. 2022లో జిల్లాలు మారాక ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. ఎండాకాలం వచ్చిందంటే మధ్యాహ్నం 40 దాటడం అక్కడ విశేషమేమీ కాదు. ఒక పక్క బోరు మోటార్లు, మరో పక్క ఇళ్లలో ఏసీలు, సాయంత్రమయ్యేసరికి లో వోల్టేజి. ఎండ, ఎర్రనేల దుమ్ము, కరెంటు, ఈ మూడు సంగతులూ నేను చదివిన ఏ ఓవర్‌క్లాకింగ్ పాఠంలోనూ కలిసి కనిపించలేదు.

మా వాడు బీటెక్ చదువుతూ ఊళ్లో ఒక స్టూడియోకి పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. మెషీన్ ఇంటెల్ ఐ5-10600కె. కంపెనీ లెక్కలో బేస్ 4.1 గిగాహెర్ట్జ్, అన్ని కోర్లూ కలిసి పనిచేసేటప్పుడు 4.5, ఒక్క కోర్ మీద గరిష్ఠంగా 4.8. పేరు చివర ‘కె’ ఉందంటే మల్టిప్లయర్ తాళం తీసి ఉందని అర్థం, కాబట్టి వేగం పెంచుకోవచ్చు. వాడు ఆరు కోర్లనూ 5.0కు, వోల్టేజిని 1.35కు పెట్టాడు.

‘పొద్దున్న బానే ఉంటంది మావయ్యా. మధ్యాహ్నం అన్నం తినేసొచ్చి రెండర్ పెడితే సగంలో బ్లూ స్క్రీన్ వచ్చేత్తంది’ అన్నాడు ఫోన్లో.

బ్లూ స్క్రీన్ కన్నా నన్ను భయపెట్టింది వాడు మాటల మధ్యలో అన్న ఇంకో సంగతి. ఒక్కోసారి రెండర్ పూర్తయిపోతుందట, కానీ వీడియోలో అక్కడక్కడా ఆకుపచ్చ గళ్లు పడుతున్నాయట. మళ్లీ రెండర్ చేస్తే ఉండవట, ఉన్నా వేరే చోట ఉంటాయట. ఆగిపోయే మెషీన్ కనీసం ఆగిపోయానని చెబుతుంది. ఆగకుండా తప్పు లెక్క కట్టే మెషీన్ ఏమీ చెప్పదు. జీలకర్ర బెల్లం పెట్టే ఘట్టం మళ్లీ తీయడం కుదరదు కదా.

ఇది కొత్త జబ్బు కాదు. 1998లో సెలెరాన్ 300ఎ అనే చవక చిప్ వచ్చింది. దాని బస్సు వేగాన్ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు మారిస్తే 300 మెగాహెర్ట్జ్ చిప్ కాస్తా 450 అయ్యేది, చాలామటుకు నిలబడేది కూడా. ఆ రోజుల నుంచే ఇళ్లలో ఈ సరదా పాకింది. 2005లో మైక్రోసాఫ్ట్ ఇంజనీరు రేమండ్ చెన్ ఒక సంగతి రాశారు. తమకు అందిన క్రాష్ నివేదికల్లో కొన్ని అసలు జరగడానికే వీల్లేనివట. ఒక రిజిస్టర్‌ను సున్నా చేసే ఆదేశం దగ్గర ప్రోగ్రామ్ కూలిపోయినట్టు ఉంటుంది. ఆ ఆదేశం మెమరీని ముట్టుకోదు, విఫలం కావడానికి కారణమే ఉండదు. వాడుకదారులను అడిగి చూస్తే వాళ్లలో చాలామంది మెషీన్లు ఓవర్‌క్లాక్ చేసినవేనని తేలింది. కొందరికైతే ఆ సంగతే తెలియదు, అమ్మిన షాపువాళ్లే చేసి ఇచ్చారు. తర్వాత 2011లో అదే సంస్థ పరిశోధకులు దాదాపు 10 లక్షల పీసీల సమాచారం చూసి, ఒకసారి హార్డ్‌వేర్ తప్పుతో కూలిన మెషీన్ మళ్లీ కూలే అవకాశం ఎన్నో రెట్లు ఎక్కువనీ, ఓవర్‌క్లాక్ చేసినవి మిగతా వాటికన్నా ఎక్కువ కూలుతున్నాయనీ తేల్చారు. ‘ఒక్కసారే కదా ఆగింది’ అనే మాటను నేను ఒప్పుకోనిది అందుకే.

దూరం నుంచి వైద్యం చేయడంలో మొదటి ఇబ్బంది బయోస్, అంటే విండోస్ లేవకముందు వచ్చే సెట్టింగుల తెర. విండోస్ లేచాకైతే స్క్రీన్ షేర్ చేసుకోవచ్చు, బయోస్‌లో కుదరదు. మా వాడు సెల్ ఫోన్ పట్టుకుని మానిటర్ చూపించేవాడు, గీతలు గీతలుగా కనిపించే తెర మీద నేను అంకెలు చదివేవాణ్ని. ముందు అన్నీ ఫ్యాక్టరీ సెట్టింగులకు తెమ్మన్నాను. డీఫాల్ట్‌లో కూడా ఆగితే గొడవ ఓవర్‌క్లాక్‌ది కాదు. ఆగలేదు. తర్వాత మెమరీ. వాడి ర్యామ్ మీద 3200 అని ఉంది, దాన్ని ఆ వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ సెట్టింగు అంతకుముందు ఆన్‌లో ఉండేది. ఈ ప్రాసెసర్‌కు కంపెనీ ఖాయం చేసిన మెమరీ వేగం 2666 మాత్రమే. అంటే ఎక్స్‌ఎంపీ కూడా ఓవర్‌క్లాకే, చాలామంది దాన్ని లెక్కలోకి తీసుకోరు. ప్రాసెసర్‌ను మామూలు వేగంలో ఉంచి, ఎక్స్‌ఎంపీతో మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్‌ను రాత్రంతా నడిపించాం. ఒక్క తప్పూ రాలేదు. మెమరీని పక్కన పెట్టేశాం.

ఆ పైన కరెంటు. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో ‘కెర్నల్ పవర్ 41’ వరసగా ఉంది. సరిగ్గా షట్ డౌన్ కాకుండా మెషీన్ ఆగిందని దాని అర్థం. ఇక్కడ ఫిన్లాండ్‌లో అయితే ఆ ఒక్క వరస చూసి మెషీన్‌ను అనుమానించవచ్చు. అక్కడ ఉత్తినే కరెంటు పోయినా అదే 41 పడుతుంది. రెండూ విడదీయడానికి మా అక్క సాయం పట్టింది. వంటింటి గోడ మీద వెంకట్రామా క్యాలెండర్ ఉంటుంది కదా, తేదీ గడిలో పాల లెక్క పక్కనే కరెంటు పోయిన టైము, వచ్చిన టైము పెన్సిల్‌తో రాసి పెట్టింది. ఆ ఫొటోను లాగ్ పక్కన పెట్టి చూస్తే కొన్ని ఆగడాలు కరెంటు ఖాతాలోకి పోయాయి. ఇన్వర్టర్ మీదకు మారే ఆ క్షణంలో రీస్టార్ట్ అయినవి మరికొన్ని. పాత ఇన్వర్టర్ చదరపు తరంగం ఇచ్చేది, ఇప్పటి కంప్యూటర్ పవర్ సప్లైలలో (ఎస్‌ఎమ్‌పీఎస్) కొన్నిటికి అది పడదు. కంప్యూటర్‌కు వేరే సైన్ వేవ్ యూపీఎస్ పెట్టించాం.

అవన్నీ తీసేశాక మిగిలినవి అచ్చంగా మధ్యాహ్నాలవి. వాటి పక్కన ‘డబ్ల్యుహెచ్‌ఈఏ లాగర్ 19’ వరసలు ఉన్నాయి. హార్డ్‌వేర్‌లో తప్పు దొర్లింది, సరిదిద్దుకున్నాను అని ప్రాసెసర్ స్వయంగా చెప్పుకోవడం అది. బ్లూ స్క్రీన్ మీద ‘క్లాక్ వాచ్‌డాగ్ టైమవుట్’. ఒక కోర్ టైముకు జవాబివ్వలేదని అర్థం. ఆ వేగానికి వోల్టేజి చాలనప్పుడు తరచూ కనిపించేది ఇదే.

‘అయితే వోల్టేజి ఇంకొంచెం పెంచుతా’ అన్నాడు మా వాడు. చలి దేశపు సలహా సరిగ్గా ఇక్కడే బెడిసికొడుతుంది. చిప్ తినే కరెంటు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజి వర్గంతో పాటు పెరుగుతుంది. 4.5 నుంచి 5.0కు, 1.20 నుంచి 1.35 వోల్టులకు వెళితే సుమారు 40 శాతం ఎక్కువ వేడి. ఆ వేడిని కూలర్ ఎక్కడికి తోస్తుంది? గదిలోకే. గది 21 నుంచి 41కి పోతే చిప్ కూడా ఇంచుమించు ఆ 20 డిగ్రీలూ పైకి పోతుంది. నా గదిలో 75 చూపించే మెషీన్ అక్కడ 95 చూపిస్తుంది, 100 దగ్గర తనను తాను తగ్గించుకుంటుంది. వేడెక్కిన సిలికాన్‌లో లీకేజీ పెరుగుతుంది, అది మళ్లీ వేడి. రాత్రి చాలిన వోల్టేజి మధ్యాహ్నం చాలదు. చాలలేదని పెంచితే ఇంకా కాగుతుంది.

గదిలో ఎంత ఉందో చూడమంటే థర్మామీటరు లేదన్నారు. మా బావ వెళ్లి పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్‌లో వాడేది పట్టుకొచ్చి కంప్యూటర్ టేబుల్ పక్క మేకుకు తగిలించాడు. 104 ఫారన్‌హీట్, అంటే 40 సెల్సియస్. సీపీయూ ఉన్నదేమో టేబుల్ కింద మూసి ఉన్న చెక్క అరలో. నేను వోల్టేజి, వేగం, ఒక్కో మెట్టు అని వివరిస్తుంటే బావ వెనకాల నుంచి అందుకున్నాడు. ‘బ్యారన్‌లో కూడా అంతేనోయ్. వేడి ఒక్కసారి పెంచేస్తే ఆకు పాడైపోద్ది. ఒక మెట్టు పెంచి, ఆకు చూసి, అప్పుడు ఇంకో మెట్టు.’ ఓవర్‌క్లాకింగ్ గురించి నేను విన్నవాటిలో అంత తేటగా చెప్పిన మాట ఇంకోటి లేదు. ఒకేసారి రెండు మార్చకూడదు. మార్చింది రాసుకోవాలి. పరీక్ష చేశాకే ముందుకు కదలాలి.

సీపీయూను అరలోంచి బయటికి లాగించాను. మూత తీస్తే కూలర్ రెక్కల మధ్య సన్నటి ఎర్రదుమ్ము పొరగా అతుక్కుని ఉంది. స్టూడియోలో కెమెరాలు తుడిచే బ్లోయర్‌తో ఊదాడు, పాత థర్మల్ పేస్టు తుడిచి కొత్తది రాశాడు. దానితోనే చెప్పుకోదగ్గ తేడా వచ్చింది. తర్వాత వేగం 4.6 నుంచి మొదలుపెట్టి ఒక్కో మెట్టూ ఎక్కాం. ప్రతి మెట్టు దగ్గరా ప్రైమ్95. పెద్ద ప్రధాన సంఖ్యలను వెతకడానికి జార్జ్ వోల్ట్‌మన్ రాసిన ప్రోగ్రామ్ అది. రావలసిన జవాబు దానికి ముందే తెలుసు కాబట్టి మెషీన్ ఆగకపోయినా తప్పు లెక్క కట్టగానే పట్టేస్తుంది. ఆకుపచ్చ గళ్ల జబ్బుకు మందు ఇదే. టెస్టు మాత్రం రాత్రి వద్దన్నాను. రెండు నుంచి నాలుగు మధ్య, ఎండ నెత్తిన ఉన్నప్పుడు, ఏసీ లేకుండా. 4.8 దగ్గర ప్రైమ్95లో ఒక వర్కర్ రౌండింగ్ ఎర్రర్‌తో ఆగింది. రాత్రి అదే 4.8 నిక్షేపంగా నడిచింది. 4.7 మాత్రం 1.23 వోల్టుల దగ్గర మధ్యాహ్నం కూడా నిలబడింది.

మా వాడి మొహం చిన్నబోయింది. ఐదు అనే అంకెకు పిల్లల్లో ఉన్న మోజు నాకు తెలుసు. 2022 డిసెంబరులో 9 గిగాహెర్ట్జ్ దాటించిన వాళ్లున్నారు. ద్రవ హీలియం పోసి దాటించారు, అదీ కాసేపే. అందుకని లెక్క కట్టి చూపించాను. 5.0 దగ్గర గంట పట్టే రెండర్ 4.7 దగ్గర 64 నిమిషాలు పడుతుంది. నాలుగు నిమిషాలు. ఒకసారి సగంలో ఆగి మళ్లీ మొదలుపెడితే పోయేది అంతకు ఎన్నో రెట్లు. బయోస్‌లో రెండు ప్రొఫైళ్లు దాచుకున్నాడు, ఎండాకాలానికి 4.7, ధనుర్మాసంలో వాడుకోవడానికి 4.8.

వోల్టేజి మాట కంపెనీలకూ తప్పలేదు. 2024లో ఇంటెల్ తన 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లు కొన్ని అస్థిరంగా మారడానికి కారణం మితిమీరిన వోల్టేజి అని ఒప్పుకుని, మైక్రోకోడ్ సవరణలు ఇచ్చి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. ఇంట్లో ఆ చిప్‌లు ఉన్నవాళ్లు బయోస్ అప్‌డేట్ అయిందో లేదో ఒకసారి చూసుకోవాలి.

ఇక దూర దేశాల్లో ఉన్న మనవాళ్లకు ఒక విన్నపం. ఊళ్లో తమ్ముడికో మేనల్లుడికో పీసీ సెట్టింగులు చెప్పే ముందు, వాళ్ల గదిలో మే నెల మధ్యాహ్నం మూడింటికి ఎంత ఉంటుందో అడగండి. సీపీయూ ఏ అరలో ఉందో వీడియో కాల్‌లో చూడండి. ఆ వేడిలో ప్రైమ్95 తప్పు లేకుండా నడిచిన వేగాన్నే ఖాయం చేయండి. అప్పటిదాకా కెమెరా కార్డుల్లో ఉన్న ఒరిజినల్ వీడియోలు చెరపొద్దని కూడా గట్టిగా చెప్పండి.