అద్దె అభిప్రాయాలు

ఆదోనిలో తెలుగు సభకు పోతే నన్ను ముస్లిం అంటారు. ఉర్దూ జల్సాకు పోతే తెలుగు పేపరోడు అంటారు. రెండుచోట్లా కుర్చీ వేస్తారు, చాయ్ ఇస్తారు. చాయ్ తాగేలోపలే ప్రశ్న వస్తుంది. తలాక్ మీద నీ అభిప్రాయం ఏంది? ఉమ్మడి పౌరస్మృతి మీద ఏంది? రిజర్వేషన్ల మీద, కాశ్మీర్ మీద, పాలస్తీనా మీద ఏంది? అడిగేవాళ్ళకు జవాబు ముందే తెలుసు. వాళ్ళకు కావలసింది నా అభిప్రాయం కాదు. నేను వాళ్ళవాడినే అన్న రుజువు కావాల. 'ఇంకా చదవలేదన్నా, చదివి చెప్తా' అంటే ముఖాలు మారిపోతాయి. అదే మాట ఒక హిందూ మిత్రుడంటే నిదానస్తుడు. నేనంటే మాత్రం లోపల ఏదో దాచుకున్నవాణ్ణి.

దేశభక్తిని రోజూ రుజువు చేసుకోవాల్సి రావడం ఎంత అవమానమో 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' తెలుగువాళ్ళకు చెప్పింది. 1998లో 'జల్‌జలా' కవులు ఇంకా గట్టిగా చెప్పారు. ఆ మాటకు చప్పట్లు కొట్టిన సభలే ఇప్పుడు మా దగ్గర వేరే రుజువులు అడుగుతున్నాయి. ఒకచోట లౌకికవాదానికి రుజువు. ఇంకోచోట మిల్లత్‌కు రుజువు.

మనవాళ్ళు ఈ రుజువులు ఎందుకిస్తున్నారో ముందు ఒప్పుకోవాల. తెలివి లేక కాదు. 1992 డిసెంబరులో నేను పదో తరగతి. మసీదు కూలిన తర్వాతి రోజుల్లో మా వీధికొచ్చి అరుగు మీద కూర్చున్నవాళ్ళు ఎర్రజెండావాళ్ళు. బియ్యం సంచీ పంపింది మా మొహల్లా జమాత్. ఉద్యోగం వచ్చి ఎమ్మిగనూరులో గది వెతుక్కుంటే, పేరు వినంగానే 'ఇప్పుడే వేరేవాళ్ళకు మాటిచ్చినాం' అన్న ఇళ్ళు నాలుగైదు. ఆఖరికి గది ఇప్పించింది ఒక కామ్రేడ్. నికాకు, మయ్యత్‌కు నిలబడేది జమాత్. ఇట్లాంటి చోట ఎవరైనా తప్పు మాట్లాడితే 'అది అట్లా కాదు' అనడానికి గొంతు పెగలదు. ఎందుకంటే ఆ మనిషి నీకు నీడ ఇచ్చాడు. ఆ నీడకు అద్దె కట్టడానికి మనవాళ్ళ దగ్గర డబ్బు లేదు. అభిప్రాయాలే కడుతున్నారు.

అద్దె కట్టినవాడికి పోయేదేమీ లేదు, ఇంకో సభకు పిలుస్తారు. నష్టపోయేవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళ గురించే ఈ నాలుగు మాటలు.

రిజర్వేషన్ల సంగతి తీసుకోండి. 2004లో ముస్లింలకు 5 శాతం అని జీఓ ఇచ్చారు. హైకోర్టు కొట్టేసింది. 2005లో చట్టం చేశారు. దాన్నీ కొట్టేసింది. ముస్లింలందర్నీ ఒకే గంపలో వేశారు, ఎవరు వెనకబడ్డారో సరిగ్గా తేల్చలేదు అన్నది అప్పటి పెద్ద అభ్యంతరం. 2007లో పి.ఎస్.కృష్ణన్ నివేదిక తర్వాత బీసీ-ఇ అని 4 శాతం వచ్చింది. ఆ జాబితాలో షేక్‌లున్నారు, ఖురేషీలున్నారు, అత్తరు సాయిబులున్నారు, ఫకీర్లున్నారు, తురక చాకళ్ళున్నారు, హజాంలున్నారు. సిద్దీలు, హబ్షీలు కూడా ఉన్నారు. ఆదోని జామియా మసీదు కట్టించిన సిద్దీ మసూద్ ఖాన్ హబ్షీనే అని మా ఊళ్ళో గుర్తున్నవాళ్ళు ఎంతమంది? సయ్యద్‌లు, మొఘల్‌లు, పఠాన్‌లు, ఇరానీలు, అరబ్బులు, బొహ్రాలు ఇట్లా కొన్ని సమూహాలను పేరుపేరునా మినహాయించారు. దూదేకులవాళ్ళు ఇందులో లేరు. వాళ్ళు 1970 నుంచే బీసీ-బిలో ఉన్నారు.

ఆదోని పత్తి మార్కెట్టుకు పేరు పడ్డ ఊరు. పత్తి ఏకిన పింజారీల మనవళ్ళు బి. పక్కింటి షేక్ సాయిబు ఇ. ఎదురింటి పఠాన్ ఓసీ. ఒకే వీధి, ఒకే మసీదు, మూడు కాగితాలు. ఈ చిన్న సంగతి సభల్లో ఎన్నిసార్లు విన్నాను? వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మతం పేరుతో ముస్లింలందరికీ ఇచ్చారని అవతలివాళ్ళు ప్రచారం చేస్తే, మనవైపు వేదిక మీదివాళ్ళు 'అవును, ముస్లింలందరికీ ఇవ్వాల్సిందే' అని పిడికిలెత్తారు. చప్పట్లు బాగానే పడ్డాయి. కానీ ఆ 4 శాతం కోర్టులో నిలబడాలంటే ఉన్న ఆధారమే అది మతానికి కాదు, వెనకబడిన సమూహాలకు అని చెప్పడం. 2010లో హైకోర్టు దాన్ని కూడా కొట్టేస్తే, అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. దాని మీదే అది నడుస్తూ వస్తోంది. దారం అంత సన్నగా ఉన్నప్పుడు దాన్ని మన నినాదంతోనే మనం కోసుకోవడం ఏం ఉద్యమం?

పేరు చివర ఖాన్ ఉన్న ఒక అమ్మాయి డిగ్రీ చదువుకోసం సర్టిఫికెట్టుకు తిరిగింది. 'ముస్లింలకు 4 శాతం ఉంది, పోయి గట్టిగా అడుగు' అని సభల పెద్దమనుషులు చెప్పి పంపారు. పఠాన్లకు రాదని ఆఫీసులో చెప్పారు. 'చూసినారా, మతతత్వం' అని ఒక పెద్దమనిషి ప్రకటన ఇచ్చాడు. ఆ పిల్లకు ప్రకటన ఏం పనికొస్తుంది? 2019 నుంచి ఆర్థికంగా వెనకబడిన ఓసీలకు 10 శాతం ఉంది, దానికి దరఖాస్తు పెట్టుకోమ్మా అని చెప్పేవాడు కావాల. అది చెప్పాలంటే జాబితా చదివుండాల.

ఇంకోటి, భరణం సంగతి. 1985లో షాబానో కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. నెలకు 179 రూపాయల 20 పైసలు. ఆ మాత్రం డబ్బు మీద దేశమంతా ఊగిపోయింది. 1986లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం చట్టం చేసింది. మా రెండు సభలూ అక్కడే ఆగిపోయాయి. తెలుగు సభ 'ఆ చట్టంతో ముస్లిం ఆడదానికి భరణం పోయింది' అంటుంది. ఉర్దూ జల్సా 'ఇద్దత్ మూడు నెలలు దాటితే షరియత్ ప్రకారం ఏమీ లేదు, చట్టం కూడా అదే చెప్పింది' అంటుంది. ఒకరు ఏడుస్తూ, ఒకరు గర్వంగా చెప్పేది ఒకే మాట. ఆ మాట తప్పు.

2001లో షాబానో తరఫున వాదించిన లాయరు డేనియల్ లతీఫీ వేసిన కేసులోనే సుప్రీంకోర్టు ఆ 1986 చట్టానికి అర్థం చెప్పింది. ఇద్దత్ లోపల భర్త చేయాల్సిన ఏర్పాటు ఇద్దత్‌కు సరిపోయేది కాదు, ఆమె ముందు బతుకుకు సరిపోయేది అంది. 2024 జూలైలో తెలంగాణ నుంచి పోయిన కేసులో, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ మామూలు భరణం సెక్షన్, అంటే 125 కింద కూడా అడగొచ్చంది. 2017లో కొట్టేసింది ఒక్క బిగిన చెప్పే మూడు తలాక్‌లనే తప్ప తలాక్ మొత్తాన్ని కాదు. 2019 చట్టం అట్లా చెప్పినవాడికి మూడేళ్ళ దాకా జైలు పెట్టింది. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. తెలుగులో ఉన్నాయి, ఉర్దూలో ఉన్నాయి.

ఎమ్మిగనూరులో బీడీలు చుట్టి ఇద్దరు పిల్లల్ని సాకుతున్న ఒక చెల్లెలు ఏడేళ్ళు ఏ కోర్టుకూ పోలేదు. జమాత్ పెద్ద 'హఖ్ లేదు బేటీ' అన్నాడు. సంఘం మేడం 'మీ చట్టమే అట్లాంటిదమ్మా, మేం పోరాడుతున్నాం' అంది. ఒకరంటే ఒకరికి పడని ఆ ఇద్దరూ కలిసి ఆమెకు తలుపు మూశారు. ఇద్దరూ చెడ్డవాళ్ళు కారు. ఇద్దరూ తమ గుంపులో అందరూ అనే మాటే అన్నారు. అంతే.

మా పిల్లలు మదర్సాల వల్ల వెనకబడ్డారన్నది ఇంకో అద్దె అభిప్రాయం. ముస్లిం రచయితలు కూడా దానికి తలూపుతారు, తలూపితేనే ప్రగతిశీలి. 2006లో సచార్ కమిటీ చెప్పిన లెక్క, బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదర్సాకు పోయేది మూడు శాతం. మా కర్నూలు పడమటి పల్లెల్లో బడి మానిన పిల్లల కోసం మదర్సాలో వెతికితే దొరకరు. సుగ్గికి పోయిన అమ్మానాన్నల వెంట గుంటూరు మిరపచేలల్లో ఉంటారు. వాళ్ళలో సాయిబుల పిల్లలు, బోయల పిల్లలు, మాదిగల పిల్లలు కలిసే ఉంటారు. మదర్సా మీద తీర్మానం చేస్తే సుగ్గి బస్సు ఆగదు.

ఒక మిత్రుణ్ణి చూస్తుంటా. మంచివాడు, మంచి కవి. ఆదివారం తెలుగు సభలో ముల్లాలను కడిగేస్తాడు. శుక్రవారం నమాజు తర్వాత సుప్రీంకోర్టును కడిగేస్తాడు. 'ఆ తీర్పు చదివినావా భాయ్?' అనడిగితే నవ్వి, 'నీకేం, పేపరోడివి. నాకు రెండుచోట్లా బతకాల గదా' అన్నాడు. ఆ నవ్వు మీద నాకు కోపం రాలేదు. ఒక మనిషి చేత అట్లా రెండు నాలుకలతో మాట్లాడించే మన సభల మీద వచ్చింది.

లౌకిక మిత్రులారా, మీరు నిజంగా మా పక్కనే ఉన్నారు, కాదనను. అందుకే మీకు చెప్తున్నా. మమ్మల్ని సభకు పిలిచి సాక్షి బోనులో నిలబెట్టకండి. ముస్లిం అయినంత మాత్రాన షరియత్‌లో, రాజ్యాంగంలో, గాజాలో పండితుడు కానక్కరలేదు. మీలో ఒక్కొక్కరికి ఉన్న 'తెలీదు' అనే హక్కు మాకూ ఉండనియ్యండి. మేం మీతో విభేదిస్తే అది మతం మాట్లాడడం కాదు, మనిషి మాట్లాడడం.

భాయ్, బెహెనో, మీకూ ఒక మాట. మన దఖనీలో 'మాలూమ్ నై' అనడం సిగ్గు కాదు. దర్జీ, గౌండా, మెకానిక్ రోజూ అంటారు, తర్వాత తెలిసినవాణ్ణి అడిగి పని నేర్చుకుంటారు. నాయకులు, రచయితలు మాత్రమే అనరు. అనడం మొదలుపెడదాం. అన్న తర్వాత ఊరుకోకుండా బీసీ-ఇ జాబితా, 2001 తీర్పు, 2024 తీర్పు తెలుగులో, ఉర్దూలో రెండేసి పేజీలుగా రాసి మసీదు గోడకు, సంఘం ఆఫీసు గోడకు అంటిద్దాం. ఆ ఖాన్ అమ్మాయికి, బీడీలు చుట్టే చెల్లెలికి మన అభిప్రాయం అక్కర్లేదు. ఆ రెండు పేజీలు కావాల.