గుట్ట పోయిన చోట

మేం ఏజెన్సీ ఊళ్ల నుంచి చదువుకో, కొలువుకో వచ్చి ఉప్పల్, నాచారం వైపు గదులు అద్దెకు తీసుకున్నవాళ్లం. మా ఊళ్లలో గుట్టకు పేరుంటుంది, దేవత ఉంటుంది, ఏటా పండుగ ఉంటుంది. ఇక్కడ గుట్ట అంటే ప్లాటుకు అడ్డం. ఇళ్ల సందుల్లో అక్కడక్కడా మిగిలిన బండల మీద బట్టలు ఆరేస్తారు. పక్కనున్న మౌలాలి గుట్ట మాత్రం పైన దర్గాతో నిలిచే ఉంది.

ఈ బండల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. భూమి లోపల కరిగిన ముద్ద చల్లారి గ్రానైటు అయింది. పైపొరలు అరిగిపోయాక బయటపడింది. ఇలాంటి సంగతులు పరిశోధించే ఎన్‌జీఆర్‌ఐ, 1961లో ఏర్పడిన సంస్థ, ఈ ఉప్పల్ రోడ్డులోనే ఉంది. బండ చరిత్ర రాసేవాళ్లు ఉన్నారు. దాన్ని కొట్టినవాళ్ల చరిత్ర ఎవరు రాస్తారు?

మేం పాఠాలు చెప్పే క్లాసుల్లో వడ్డెర పిల్లలు ఉంటారు. నాన్న ఏం చేస్తాడంటే 'కూలి' అని తల దించుకుంటారు. శిలల పాఠం రోజు మాత్రం వాళ్లే చెబుతారు. సమ్మెటతో తట్టి, చప్పుడు విని, బండ ఎటు పగులుతుందో తెలుసుకుంటారట. గీత గీసి, ఉలితో వరసగా గుంటలు తీసి, ఇనప చీలలు దింపి వంతులవారీగా కొడతారు. పొర లేపాలంటే బండ మీద మంట పెడతారు. కడీలు, మెట్లు, గోడరాళ్లు అలా వచ్చినవే. తర్వాత మందు పెట్టి పేల్చడం, కంకర మిషన్లు వచ్చాయి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్. దాన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. నగరం చుట్టూ రాయి అయిపోయిన గుంతల్లో నీళ్లు నిలిచాయి, చెత్త పడింది, ఆపైన ఇళ్లు లేచాయి.

దగ్గర్లోని ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ 1939లో ప్రారంభమైన గ్రానైటు భవనం. నమూనా గీసిన బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ పేరు పుస్తకాల్లో దొరుకుతుంది. రాయి చెక్కినవాళ్ల పేర్లు దొరకవు.

ఇదంతా మనకెందుకంటే, మన కొండల్లోనూ రాయి ఉంది. విశాఖ ఏజెన్సీలో బొర్రా, నిమ్మలపాడు గనుల లీజుల మీద సమత సంస్థ కోర్టుకెళ్లింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా సరే గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకివ్వడం చెల్లదని 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1/70 చట్టమే దానికి ఆధారం. ఉప్పల్ గుట్టలకు అలాంటి కంచె లేదు. మనకు ఉంది. అయితే ఆ కంచె కాగితం మీద ఉంది, చదవకపోతే లేనట్టే.

తోటి టీచర్లకు ఒక మాట. శిలల పాఠం వచ్చినప్పుడు పిల్లల్ని ఊరి గుట్ట దగ్గరికి తీసుకెళ్లండి. దాని పేరు, కథ, అక్కడ రాయి కొట్టిన పెద్దల పేర్లు మన భాషలోనే రాయించండి. గ్రామసభకు లీజు కాగితం వచ్చిన రోజు, ఆ నోటుపుస్తకం కూడా అక్కడ ఉండాలి.