చంద్రతాల్... ఒడ్డుకు కాస్త ఇవతల

టెంటు జిప్పు లాగి తల బయటికి పెట్టగానే ఎదురుగా నీలం రంగు నీళ్లు. వెనక మంచు కొండ. చేతిలో పొగలు కక్కే టీ గ్లాసు. హిమాచల్‌ప్రదేశ్‌లోని చంద్రతాల్‌కు బయల్దేరే ప్రతివారి మనసులోనూ ఉండే బొమ్మ ఇదే. తీరా రోజంతా జీపులో ఒళ్లు హూనం చేసుకుని చేరాక కనిపించేది వేరు. గడ్డీ రాళ్లూ కలిసిన ఓ మైదానం. అందులో వరసగా తెల్ల గుడారాలు. నీళ్ల జాడే ఉండదు. 'సరస్సేదీ?' అనడిగితే క్యాంపు కుర్రాడు కొండ మలుపు వైపు చెయ్యి చూపిస్తాడు. అక్కడికింకా రెండు మూడు కిలోమీటర్లు!

చాలామంది మొహాలు అక్కడే చిన్నబోతాయి. 'సరస్సు పక్కన క్యాంపు అన్నారు కదా' అని గొణుక్కునే వాళ్లూ ఉంటారు. కానీ ఒక రాత్రి గడిపి, తెల్లారి ఆ మలుపు తిరిగి చూసొచ్చాక ఆ మాట మళ్లీ ఎత్తరు. ఆ కాస్త దూరమే చంద్రతాల్‌ను కాపాడుతోంది మరి.

నెలవంక నీళ్లు

లాహౌల్-స్పితి జిల్లాలో, కుంజుమ్ కనుమకు దగ్గర్లో, 14 వేల అడుగులకు పైన ఉంది చంద్రతాల్. 'తాల్' అంటే సరస్సు. పైనుంచి చూస్తే నెలవంక ఆకారం, అందుకే ఆ పేరు. చుట్టుకొలత రెండున్నర కిలోమీటర్ల దాకా ఉంటుంది. మామూలు చోటయితే అరగంట నడక. అక్కడ గాలి పల్చన కాబట్టి ఎలా లేదన్నా గంటన్నర పడుతుంది. విచిత్రమేంటంటే ఏ ఏరూ వచ్చి సరస్సులో కలుస్తున్నట్టు కనిపించదు. నీళ్లు బయటికి మాత్రం వెళ్తాయి, కింద పారే చంద్ర నదిలోకి.

ఆ నదికీ ఓ ప్రేమకథ ఉంది. చంద్రుడి కూతురు చంద్ర, సూర్యుడి కొడుకు భాగ. ఇద్దరూ బారాలాచా కనుమ దగ్గర పుట్టి, చెరోవైపూ పరుగెత్తి, కొండలన్నీ చుట్టి తాండీ అనే చోట కలుసుకున్నారని లాహౌల్ వాళ్లు చెబుతారు. రెండు నదులూ కలిశాక చంద్రభాగ. ఇంకా కిందికి దిగితే అదే చీనాబ్.

మహాభారతమూ ఇక్కడ వినిపిస్తుంది. ధర్మరాజును బొందితో స్వర్గానికి తీసుకెళ్లడానికి ఇంద్రుడి రథం దిగింది ఈ సరస్సు ఒడ్డునేనని స్థానికుల నమ్మకం. ద్రౌపది మొదలు భీముడి దాకా దారిలో ఒక్కొక్కరే పడిపోవడం, చివరికి ధర్మరాజు వెంట కుక్క ఒక్కటే మిగలడం మనకు తెలిసిన కథే. మనాలి నుంచి ఒక్క రోజులో ఇక్కడికొచ్చిన వాళ్లకు ఆ కథ కాస్త ఎక్కువే అర్థమవుతుంది. ఎందుకో ముందుముందు చూద్దాం.

టెంట్లు ఎందుకు జరిగాయి?

ఒకప్పుడు ఈ ఒడ్డున వేసవిలో గద్దీ కాపరుల గుడారాలే కనిపించేవి. కాంగ్రా, చంబా వైపు నుంచి గొర్రెల్నీ మేకల్నీ తోలుకుని కనుమలు దాటి వస్తారు వాళ్లు. తర్వాత ట్రెక్కింగ్ చేసేవాళ్లు వచ్చారు. ఆ తర్వాత దగ్గరి దాకా జీపు దారి పడింది. ఇంకేముంది! నీళ్ల అంచునే టెంట్లు, వాటి వెనకే మరుగుదొడ్ల గుంటలు, బిస్కెట్ కాగితాలు, సీసాలు. మన మైదానాల్లోనైతే చెత్త ఏదో నాటికి మట్టిలో కలుస్తుందని సరిపెట్టుకోవచ్చు. ఏడాదిలో సగానికి పైగా మంచు కింద ఉండే చోట ఏదీ తొందరగా కుళ్లదు. ఈ ఏడాది పారేసిన అరటి తొక్క వచ్చే ఏడాదీ పలకరిస్తుంది.

1994లోనే చంద్రతాల్‌ను జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలగా గుర్తించారు. 2005 నవంబరులో అంతర్జాతీయ రామ్‌సర్ జాబితాలో చేరింది. మన కొల్లేరుకు ఆ గుర్తింపు 2002లోనే వచ్చింది. అంతర్జాతీయ గుర్తింపు వచ్చినంత మాత్రాన ఏ సరస్సూ బాగుపడదని కొల్లేరు చెరువుగట్లు చూసిన వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. చంద్రతాల్ విషయంలో మాత్రం ఒక పని జరిగింది. ఒడ్డున టెంట్లు వేయకూడదన్నారు. క్యాంపుల్ని వెనక్కి జరిపించారు. బండ్లు కూడా ఇవతలే ఆగిపోవాలి. చివరి కిలోమీటరో, అంతకంటే కాస్త ఎక్కువో నడవాల్సిందే.

ఇప్పుడు ఒడ్డున వినిపించేది పక్షుల అరుపులే. అందులో ఒకటి మనకు బాగా తెలిసిన పిట్ట. నారింజ రంగు ఒళ్లు, లేత రంగు తల... చక్రవాకం! రాత్రయితే జంట విడిపోయి ఒకదానికోసం ఒకటి ఏడుస్తుందని మన ప్రబంధ కవులు పద్యాలకు పద్యాలు రాశారే, అదే. చలికాలంలో మైదానాలకు దిగొచ్చే ఈ బాతు వేసవిని ఇలాంటి ఎత్తయిన సరస్సుల దగ్గర గడుపుతుంది. చంద్రుడంటే పడని పిట్టగా పేరుపడి, చంద్రుడి పేరున్న చెరువులో కాపురం పెట్టింది చూడండి!

దారి అనబడే రాళ్లు

2020 అక్టోబరులో ప్రారంభమైన అటల్ సొరంగం పుణ్యమా అని మనాలి నుంచి రోహ్‌తాంగ్ కనుమ ఎక్కకుండానే లాహౌల్ చేరిపోవచ్చు. తొమ్మిది కిలోమీటర్ల సొరంగం, నున్నటి రోడ్డు. అందరికీ హుషారొస్తుంది. గ్రాంఫూ దగ్గర స్పితి దారి పట్టాక ఆ హుషారు కాస్తా దిగిపోతుంది. అక్కడి నుంచి ఛత్రూ మీదుగా బాతల్ దాకా బండరాళ్ల మధ్య జీపు పడుతూ లేస్తూ వెళ్తుంటే, 'దారి ఇదేనా?' అన్న అనుమానం ప్రతి మలుపులోనూ వస్తుంది. పక్కనే చంద్ర నది. ఎదుటి కొండల సందులో ఎక్కడో బడా శిగ్రీ. హిమాచల్‌లోకెల్లా పెద్ద హిమానీనదం అది.

దారికి అడ్డంగా పారే వాగుల్ని అక్కడ నాలాలంటారు. పొద్దున చీలమండ లోతు. ఎండెక్కి పైన మంచు కరిగేకొద్దీ మధ్యాహ్నానికి బండి చక్రాలు మునిగే లోతు. అందుకే స్థానిక డ్రైవర్లు చీకటితోనే బయల్దేరదామంటారు. 'ఇంకాస్త పడుకుని టిఫిన్ చేసి వెళ్దాం' అనే వాళ్లే సాయంత్రం నాలా ఒడ్డున బితుకుబితుకుమంటూ నిలబడేది.

బాతల్‌లో చెప్పుకోదగ్గది ఒక ధాబా. దాన్ని నడిపే వృద్ధ దంపతుల్ని దారెంటా అందరూ చాచా-చాచీ అంటారు. రాజ్మా-అన్నం, ఆమ్లెట్, వేడి టీ దొరుకుతాయి. కానీ వాళ్ల పేరు పాకింది వంటతో కాదు. ఈ దారిలో అకాలంగా మంచు కురిసి చిక్కుకుపోయిన ప్రయాణికులకు ఎన్నోసార్లు రోజుల తరబడి తిండి పెట్టి, పడుకోవడానికి చోటిచ్చి బతికించారు. సాహస పురస్కారాలూ అందుకున్నారు. వాళ్ల ధాబా దాటాక పద్నాలుగు కిలోమీటర్లు సన్నటి కొండ అంచు దారి. ఎదురుగా బండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాలి.

భీముడంతటివాడైనా...

అసలు కష్టం దారి కాదు, ఎత్తు. అరకు లోయ ఎత్తు సుమారు మూడు వేల అడుగులు. మనాలి ఆరు వేల ఏడు వందలు. అక్కడి నుంచి ఒక్క పగటి పూటలో 14 వేల అడుగులకు చేరితే ఒళ్లు ఊరుకోదు. ఆ ఎత్తులో ఒక్కో ఊపిరికీ అందే ఆక్సిజన్, సముద్ర మట్టం దగ్గర అందేదాంట్లో అరవై శాతం చిల్లరే. ముందు తలనొప్పి. తర్వాత వికారం, ఆకలి చచ్చిపోవడం, నిద్ర పట్టకపోవడం. ఇక్కడ కండబలం లెక్కలోకి రాదు. రోజూ జిమ్‌కెళ్లే ఇరవై అయిదేళ్ల కుర్రాడు రజాయి కింద మూలుగుతుంటే, అరవై దాటిన పెద్దాయన నింపాదిగా టీ తాగుతూ కనిపించొచ్చు. అంతా తారుమారుగానూ జరగొచ్చు. భీముడూ పడిపోయాడు కదా!

తలనొప్పి వరకయితే విశ్రాంతి తీసుకుని, నీళ్లు తాగుతూ గమనించుకోవచ్చు. నడక తడబడినా, మాట తికమకగా ఉన్నా, కూర్చున్నచోటే ఆయాసం వస్తున్నా ఇక తెల్లారేదాకా ఆగకూడదు. కిందికి దించడమే అసలు మందు. అర్ధరాత్రి ఆ దారిలో దించడం మాటలా? కాబట్టి అంతదాకా రానివ్వకపోవడమే తెలివి. సిమ్లా వైపు నుంచి కిన్నౌర్, నాకో, తాబో, కాజా మీదుగా నాలుగైదు రోజుల్లో మెల్లగా ఎక్కి, కుంజుమ్ కనుమ దాటి చంద్రతాల్‌కు దిగితే ఒంటికి ఎత్తు అలవాటవుతుంది. తిరుగు ప్రయాణం మనాలి మీదుగా పెట్టుకోవచ్చు. సెలవులు తక్కువున్నాయని తలకిందులుగా వెళ్లేవాళ్లే ఎక్కువ. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడక్కుండా టికెట్లు కొనొద్దు. పసిపిల్లల్ని తీసుకెళ్లాలన్న సరదా మానుకోవడమే మేలు.

గుడారంలో రాత్రి

సాయంత్రం ఆరు దాటి కొండ నీడ పడిందంటే చలి ఒక్కసారిగా మీద పడుతుంది. జులై, ఆగస్టుల్లో కూడా రాత్రి ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి వెళ్తుంది. అందరూ భోజనాల టెంటులో చేరతారు. చపాతీ, పప్పు, ఏదో ఒక కూర, అన్నం. అన్నం కాస్త పలుకుగా ఉందని వంటవాడిని తిట్టుకోనక్కర్లేదు. ఆ ఎత్తులో నీళ్లు 86 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. ప్రెషర్ కుక్కర్ లేకపోతే బియ్యం ఎంతసేపటికీ ఉడకవు. మనవాళ్లు సంచుల్లోంచి ఆవకాయ, కారప్పొడి, జంతికలు బయటికి తీసే సమయం ఇదే. చిప్స్ ప్యాకెట్లు బుడగల్లా ఉబ్బిపోయి ఉంటాయి. పచ్చడి సీసా మూత తీసేటప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి, నూనె చిమ్ముతుంది. ఇంటి దగ్గర మామూలు పచ్చడి మెతుకులే... ఆ చలిలో పక్క టెంటు వాళ్లు కూడా 'థోడా దీజియే' అంటూ పళ్లేలు పట్టుకొస్తారు.

సెల్‌ఫోన్ సిగ్నల్ మీద ఆశలు పెట్టుకోకూడదు. పిల్లలు మొదటి గంట విలవిల్లాడతారు. ఆ తర్వాత ఎవరో టార్చి ఆర్పేసి 'పైకి చూడండి' అంటారు. పాలపుంత పుస్తకాల్లో బొమ్మలా కాదు, నిజంగానే ఎవరో పాలు ఒలకబోసినట్టు ఆకాశం ఈ కొస నుంచి ఆ కొస దాకా. సప్తర్షి మండలాన్ని వెతకడమే కష్టం, చుట్టూ అన్ని చుక్కలు! ఒక చిన్న తిరకాసు... పున్నమికి వెళితే వెన్నెల్లో కొండలు కనిపిస్తాయి కానీ చుక్కలు కరిగిపోతాయి. చంద్రతాల్‌లో నక్షత్రాలు చూడాలంటే చంద్రుడు లేని రాత్రే వెళ్లాలి.

సరస్సు మాత్రం తెల్లవారుజామునే. గాలి లేవకముందు నీళ్లు అద్దంలా ఉంటాయి. చీకట్లో నల్లగా, వెలుగొచ్చేకొద్దీ బూడిద రంగు, ఎండ పడగానే ఆకుపచ్చ, మరో గంటకు నీలం. ఒక్క బండి హారన్ లేదు, ఒక్క టీ కొట్టు లేదు. నీళ్లలోకి దిగడాలు, ఈత కొట్టడాలు వద్దు. ఆ చల్లదనానికి ఒళ్లు నిమిషాల్లో కొయ్యబారుతుంది. ఒడ్డున కూర్చుంటే చాలు. నిన్న టెంటు దగ్గర గొణిగిన వాళ్లే ఇప్పుడు గుసగుసగా మాట్లాడుకుంటుంటారు.

ఆ అయిదు రోజులు

2023 జులై మొదట్లో చంద్రతాల్ క్యాంపులకు వెళ్లినవాళ్లు ఒకటి రెండు రోజుల్లో తిరిగొద్దామనే వెళ్లారు. నడి వేసవిలో మంచు కురిసింది. హిమాచల్ అంతటా వరదలు. కుంజుమ్ దారి అడుగుల మందాన మంచు కింద కూరుకుపోయింది. 250 మందికి పైగా ఆ గుడారాల్లోనే చిక్కుకుపోయారు. వండిపెట్టింది క్యాంపుల వాళ్లే. ఒంట్లో బాగాలేని కొందరిని హెలికాప్టర్‌లో తరలించారు. మిగతావాళ్ల కోసం కాజా వైపు నుంచి జేసీబీలతో మంచు తవ్వుకుంటూ సిబ్బంది, వాళ్లతో పాటు రాష్ట్ర మంత్రి, ఊళ్ల కుర్రాళ్లు రాత్రంతా శ్రమించి జులై 13న అందర్నీ బయటికి తెచ్చారు.

ఇంత జరిగినా మరుసటి ఏడాది గుడారాలు మళ్లీ లేచాయి. జూన్‌లో దారి తెరుచుకోగానే వేస్తారు, అక్టోబరుకల్లా విప్పి మూటగట్టేస్తారు. వానల జోరు తగ్గిన సెప్టెంబరు అన్నిటికంటే అనువైన నెల. చలి మాత్రం ఎక్కువ. థర్మల్ దుస్తులు, మంకీ క్యాప్, రోజూ వేసుకునే మందులు, కొంచెం ఎక్కువ నగదు వెంట ఉండాలి. బయల్దేరే ముందు వాతావరణ హెచ్చరికలు, కుంజుమ్ దారి పరిస్థితి కనుక్కోవాలి. తిరుగు రైలుకు గానీ విమానానికి గానీ మధ్యలో ఒక రోజు ఖాళీ ఉంచుకోవాలి. తెచ్చుకున్న ప్లాస్టిక్ అంతా ఓ సంచిలో కట్టి మళ్లీ మనాలి దాకా మోసుకెళ్లాలి. పక్కకు విసిరేద్దామని చూస్తే క్యాంపు కుర్రాళ్లు ఊరుకోరు.

ఇక తిరిగొచ్చే రోజు డ్రైవరు అయిదున్నరకు అంటే అయిదున్నరకే. కాఫీ, టిఫిన్ల సంగతి బాతల్‌లో చాచీ చూసుకుంటుంది.